పెట్టినా ఎక్కని బరువు: ఏడేళ్ల పాప కేసు

బడిలో రోజూ భోజనం పెడుతున్నారు. నులిపురుగుల మాత్రలు ఇచ్చారు. ఐరన్ కూడా మొదలుపెట్టారు. అయినా ఆ పాప బరువు నెలల తరబడి ఉన్నచోటే ఉండిపోయింది. రికార్డులో ఎవరూ రాయలేదు గానీ, ఇంట్లోనూ బడిలోనూ అందరి అభిప్రాయం ఒకటే: పెట్టినా తినదు, మొండిపిల్ల. నా దగ్గరికి వచ్చేసరికి పాపకు ఏడేళ్లు నిండాయి, రెండో తరగతి చదువుతోంది.

నేను పిల్లల దంతవైద్యంలో ఉన్నాను. పేద కుటుంబాలు ఎక్కువగా ఉండే ప్రాంతాల్లో ప్రాథమిక బడులకు వెళ్లే ఆరోగ్య బృందంలో పళ్లు చూడటం నా పని. ఈ కేసు రాయడానికి కారణం ఇందులో అరుదైనది ఏమీ లేకపోవడమే. బరువు చూసేవాళ్లు నోరు తెరిపించరు. నోరు చూసేవాళ్లు బరువు అడగరు. ఈ రెండింటి మధ్య పిల్ల సన్నబడుతూనే ఉంటుంది. పాపను గుర్తుపట్టే వివరాలన్నీ తీసేసి, చికిత్సకు సంబంధించినవి మాత్రమే ఇక్కడ ఉంచాను.

ఎలా తింటుంది?

పాపను చూసుకుంటున్నది అమ్మమ్మ. తల్లిదండ్రులు పని కోసం దూరంగా ఉంటారు. పళ్ల గురించి అడిగితే ఆవిడ, "పాలపళ్లే కదా డాక్టరు గారూ, ఎట్లాగూ ఊడిపోయేవే. వాటికి మందెందుకని ఊరుకున్నాం" అన్నారు. ఈ మాట చాలా ఇళ్లలో వింటాను. ఇందులో నిర్లక్ష్యం ఏమీ లేదు. పాల దవడ పళ్లు పదేళ్లు, పన్నెండేళ్ల వరకు నోట్లో ఉండాల్సినవని, అంతవరకూ పిల్ల వాటితోనే నమలాలని ఆవిడకు ఎవరూ చెప్పలేదు, అంతే.

ఏం తింటుందని అడిగినప్పుడు జవాబు మామూలుగానే వచ్చింది. ఎలా తింటుందని అడిగినప్పుడు అసలు సంగతి బయటపడింది. ముద్దను కుడివైపు పెట్టుకుంటుంది. గట్టిగా ఉన్నవన్నీ ఏరి పక్కన పెట్టేస్తుంది. మిగిలినదాన్ని నీళ్లతో తడిపి నమలకుండా మింగుతుంది. బడిలో తోటివాళ్లు తినేసి లేస్తుంటే తనూ సగం కంచం వదిలేసి లేస్తుంది. రాత్రిళ్లు చెంప కింద చెయ్యి పెట్టుకుని పడుకుంటుంది, కొన్నిసార్లు ఏడుస్తూ లేస్తుంది.

నొప్పి ఉందా అంటే పాప లేదంది. ఇది గమనించాల్సిన విషయం. రెండేళ్లుగా ఉన్న నొప్పి ఏడేళ్ల పిల్లకు నొప్పిలా అనిపించదు. నోరంటే ఇలాగే ఉంటుందనుకుంటుంది. అందుకే ఉందా లేదా అని అడగను. "చల్లటి నీళ్లు తాగేటప్పుడు ఏ పక్కకు పోనివ్వవు? చూపించు" అంటాను. పాప ఎడమవైపు కింది దవడ మీద వేలు పెట్టింది.

ఇంకో సంగతి కూడా తెలిసింది. భోజనం సగంలో వదిలేసిన పిల్లకు గంటకోసారి ఆకలేస్తుంది. అప్పుడు చేతికి అందేవి, నమలక్కర్లేనివి తీపి బిస్కెట్లు, తీపి పానీయాలే. అంటే పిప్పిపళ్ల వల్ల అన్నం తినలేక, ఆ పళ్లను ఇంకా పాడుచేసే తిండితోనే కడుపు నింపుకుంటోంది. ఇంట్లో పిల్లలందరికీ కలిపి ఒకటే బ్రష్. అది కూడా రోజూ వాడరు. ఫ్లోరైడ్ ఉన్న పేస్ట్ లేదు.

పుట్టుక గురించి కూడా అడిగాను. నెలలు నిండకముందే తక్కువ బరువుతో పుట్టిందట. మొదటి రెండేళ్లలో విరేచనాలతో, ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్‌తో ఆసుపత్రిలో ఉండాల్సి వచ్చిందట. దంతవైద్యుడు ఇవన్నీ ఎందుకు అడుగుతున్నాడని అమ్మమ్మ ఆశ్చర్యపోయారు. నోరు చూశాక ఎందుకో చెప్పగలిగాను.

కొలతలు

ఎత్తు 111 సెంటీమీటర్లు, బరువు 15.2 కిలోలు, బిఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందా అని చూసే లెక్క) 12.3. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ఇచ్చిన ప్రమాణాల ప్రకారం సరిగ్గా ఏడేళ్ల ఆడపిల్ల బిఎంఐ మధ్యస్థం 15.4. అది 12.7 కంటే తగ్గితే సన్నదనం, 11.8 కంటే తగ్గితే తీవ్రమైన సన్నదనం. పాప ఈ రెండు హద్దుల మధ్య ఉంది. ఎత్తు, కనీస హద్దుకు కాస్త పైన. హిమోగ్లోబిన్ డెసిలీటరు రక్తానికి 9.4 గ్రాములు. ఈ వయసులో 11.5 కంటే తక్కువైతే రక్తహీనత, 8 నుంచి 10.9 వరకు మధ్యస్థ స్థాయి. పిల్లల డాక్టరు క్షయ, మలంలో పరాన్నజీవులు వగైరా పరీక్షలు చేయించారు, ఏమీ దొరకలేదు. జ్వరం లేదు, ముఖం వాపు లేదు. ఎడమ దవడ కింద ఒక గ్రంథి చేతికి తగులుతోంది. పెదవుల మూలల్లో పగుళ్లు, నాలుక నునుపుగా పాలిపోయి ఉంది. ఇనుము, బి విటమిన్లు తక్కువైనప్పుడు నోరు ఇలాగే ఉంటుంది.

నోట్లో కనిపించింది

బడి బెంచీ మీద పడుకోబెట్టి టార్చి, చిన్న అద్దం, కొంచెం గాజుగుడ్డతోనే చూశాను. ఇలాంటి పరీక్షకు డెంటల్ కుర్చీ అక్కర్లేదు. పళ్ల మీది పాచిని గుడ్డతో తుడిచి చూడటం ముఖ్యం, లేకపోతే సగం కనిపించదు.

ఎడమ కింది దవడలో రెండో పాల దవడ పన్ను పైభాగమంతా కరిగిపోయింది. దాని పక్క చిగురు మీద చీము పొక్కు, నొక్కితే చీము వస్తోంది. కుడివైపు కింద మొదటి పాల దవడ పన్ను స్థానంలో వేర్లే మిగిలాయి. వాటి పదునైన అంచు తగిలి బుగ్గ లోపల పుండు పడింది. పై ముందు పాలపళ్లలో రెండు చిగురు దాకా అరిగి గోధుమరంగు మోళ్లయ్యాయి. పైన రెండువైపులా మొదటి పాల దవడ పళ్లలో లోతైన గుంటలున్నాయి గానీ అవి ఇంకా నరం దాకా పోలేదు. చిగుళ్లు ఎర్రగా ఉబ్బి, తుడిస్తే రక్తం వస్తోంది.

నాకు ఎక్కువ దిగులు కలిగించింది వీటిలో ఏదీ కాదు. పాల దవడ పళ్ల వెనక కొత్తగా వచ్చిన ఎడమ కింది శాశ్వత దవడ పన్ను. ఆరేళ్లప్పుడు వచ్చే ఈ పన్ను కోసం ఏ పాలపన్నూ ఊడదు, వెనక నుంచి దానంతటదే వస్తుంది. అందుకే చాలామంది పెద్దలు దాన్ని కూడా పాలపన్నే అనుకుంటారు. పాప పన్ను మీద ఎనామిల్, అంటే పంటి పై గట్టి పొర, సుద్దలా తెల్లగా, అక్కడక్కడా చిన్న గుంటలతో ఉంది. గాడిలో పిప్పి అప్పుడే మొదలైంది. జీవితాంతం ఉండాల్సిన పన్ను బయటికొచ్చి ఏడాది కూడా కాలేదు. కుడివైపుది ఇంకా సగం చిగురు కిందే ఉంది.

పుట్టుక చరిత్ర అడిగింది ఇందుకే. పాలపళ్లు గట్టిపడటం గర్భం నాలుగో నెలలో మొదలవుతుంది. ఈ శాశ్వత దవడ పన్ను పుట్టినప్పుడు మొదలై దాదాపు మూడేళ్లకు పైభాగం పూర్తి చేసుకుంటుంది. ఆ కాలంలో తిండి చాలకపోయినా, పెద్ద జబ్బు చేసినా, విటమిన్ డి, కాల్షియం తక్కువైనా ఎనామిల్ కట్టే కణాలు దెబ్బతింటాయి. పన్ను బయటికి వచ్చాక ఆ కణాలు ఉండవు కాబట్టి ఆ లోపం మళ్లీ పూడదు. పూత సరిగా పడని గోడ ముందుగా తడిసినట్టు, ఇలాంటి ఎనామిల్ యాసిడ్‌కు ముందుగా లొంగుతుంది. అంటే ఈ పాప పళ్లకు ప్రమాదం చేతికి బ్రష్ రాకముందే మొదలైంది. "సరిగా తోముకోదు కాబట్టి పాడయ్యాయి" అనడం అన్యాయం. అది నిజంలో ఒక ముక్క మాత్రమే.

పిప్పిపళ్లను మామూలుగా లెక్కపెట్టేటప్పుడు చిన్న గుంట, చీము పట్టిన పన్ను రెండూ ఒకే లెక్కలోకి వస్తాయి. ఆ లోటు తీర్చడానికి 2010లో పుఫా అనే సూచీ వచ్చింది. నరం బయటపడిన పన్ను, విరిగిన అంచుతో పుండు చేస్తున్న పన్ను, చీము దారి ఉన్న పన్ను, చీముగడ్డ ఉన్న పన్ను, వీటినే లెక్కపెడుతుంది. పాపకు 4 వచ్చాయి. బడుల్లో పనిచేసేవాళ్లకు మామూలు లెక్కకంటే ఇదే ఎక్కువ పనికొస్తుందని నా అభిప్రాయం. ఏ పిల్లను ఈ వారమే చూడాలో, ఎవరిని నెలాఖరున చూడొచ్చో ఇది చెబుతుంది.

రెండు వైపులా నడిచే దారి

పోషకాహార లోపం పళ్లను ఎలా పాడుచేస్తుందో పైన కొంత చెప్పాను. ఇంకొకటి లాలాజలం. చక్కెర నోట్లోకి వెళ్లిన నిమిషాల్లో పాచిలోని బ్యాక్టీరియా యాసిడ్ తయారు చేస్తుంది. పిహెచ్ (యాసిడ్ కొలత, తగ్గేకొద్దీ యాసిడ్ ఎక్కువ) 5.5 కంటే కిందికి పోతే ఎనామిల్ కరగడం మొదలవుతుంది. మళ్లీ మామూలు స్థితికి తెచ్చేది లాలాజలం, దానికి అరగంటో ఇంకా ఎక్కువో పడుతుంది. తిండి చాలని పిల్లల్లో లాలాజలం తక్కువ ఊరుతుంది, యాసిడ్‌ను విరిచే శక్తి కూడా తగ్గుతుంది. గంటకోసారి తీపి పడే నోట్లో పన్నుకు కోలుకునే టైమే ఉండదు.

రెండో వైపు, అంటే పళ్ల నుంచి ఒంటికి వచ్చే చేటు గురించి తక్కువ మాట్లాడుకుంటాం. నొప్పి వల్ల తినలేకపోవడం, నిద్ర చెడటం ఎవరికైనా అర్థమవుతాయి. చీము సంగతి అంతగా పైకి కనిపించదు. ఒంట్లో ఎక్కడైనా దీర్ఘకాలం వాపు, ఇన్ఫెక్షన్ ఉంటే కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్‌ను ఎక్కువగా విడుదల చేస్తుంది. అది పేగుల నుంచి ఇనుము రక్తంలోకి రాకుండా, నిల్వ ఉన్న ఇనుము వాడకానికి రాకుండా అడ్డుపడుతుంది. ఐరన్ ఇస్తున్నా హిమోగ్లోబిన్ పెరగని పిల్లల్లో మందు వేసుకోవడం లేదేమో అని అనుమానించే ముందు నోరు కూడా చూడాలని నేను అడిగేది ఇందుకే.

ఏది ముందు?

బృందంలో దీని మీద చర్చ జరిగింది. పిల్ల బలహీనంగా ఉంది కదా, ముందు బాగా తినిపించి కాస్త కోలుకున్నాక పళ్లు తీద్దామని ఒక ఆలోచన. అందులో జాగ్రత్త ఉంది. కానీ తినలేకపోవడమే జబ్బయినప్పుడు కోలుకున్నాక అనే రోజు రాదు. యాంటీబయాటిక్ ఇచ్చి ఆగుదామన్నది రెండో ఆలోచన. జ్వరం, వాపు లేకుండా చీముకు దారి ఉన్న పన్నుకు యాంటీబయాటిక్ చేసేది తక్కువ. మందు ఆపిన కొన్నాళ్లకు చీము మళ్లీ వస్తుంది, ఎందుకంటే చచ్చిపోయిన నరం లోపలే ఉంటుంది. చివరికి తిండి ప్రణాళిక, పళ్లు తీయడం ఒకే వారంలో మొదలుపెట్టాలని నిర్ణయించాం. హిమోగ్లోబిన్ 9.4 ఉన్నా, రక్తం ఆగని జబ్బు చరిత్ర లేదు కాబట్టి ఒక పాలపన్ను తీయడానికి అది అడ్డు కాదని పిల్లల డాక్టరు కూడా ఒప్పుకున్నారు.

చికిత్స

సన్నని పిల్లల్లో మందు మోతాదు వయసు చూసి కాదు, ఆ రోజు బరువు తూచి వేయాలి. తిమ్మిరి ఇంజెక్షన్‌గా వాడే 2 శాతం లిగ్నోకైన్‌కు పిల్లల్లో సాధారణంగా పాటించే హద్దు కిలోకు 4.4 మిల్లీగ్రాములు. 15.2 కిలోల పిల్లకు అది దాదాపు 67 మిల్లీగ్రాములు. 1.8 మి.లీ. కార్ట్రిడ్జ్ ఒక్కదానిలో 36 మిల్లీగ్రాములు ఉంటుంది. రెండు వేస్తే 72, హద్దు దాటినట్టే. వయసుకు తగ్గ బరువున్న ఏడేళ్ల పిల్లకు అవే రెండు కార్ట్రిడ్జ్‌లు ఇబ్బంది పెట్టవు. అందుకే ఎడమవైపు ఒక రోజు, కుడివైపు తర్వాతి వారం చేశాం.

ఖాళీ కడుపుతో కూర్చోబెట్టలేదు. మెత్తటి తిండి తినిపించి, అరగంట ఆగి మొదలుపెట్టాం. చీము పన్ను, రెండో వైపు వేర్లు ఇంజెక్షన్‌తో తీశాను. కదులుతున్న ముందు మోళ్లకు పైపూత జెల్ సరిపోయింది. నొప్పికి పారాసిటమాల్ ఒక్కో మోతాదు కిలోకు 15 మిల్లీగ్రాములు మించకుండా, రెండు రోజులకే రాశాను. తిండి చాలని పిల్లల్లో ఈ మందును తట్టుకునే కాలేయ నిల్వలు తక్కువగా ఉంటాయి కాబట్టి "నొప్పి తగ్గేదాకా వేయండి" అని వదిలేయకూడదు. తిమ్మిరి పోయేదాకా పెదవి కొరుక్కోకుండా చూడమని అమ్మమ్మకు రెండుసార్లు చెప్పాను.

రెండో పాల దవడ పన్ను ముందే తీసేస్తే వెనకున్న శాశ్వత పన్ను ముందుకు జరిగి, పది, పన్నెండేళ్లప్పుడు రావాల్సిన పన్నుకు చోటు లేకుండా చేస్తుంది. పుస్తకం ప్రకారం అక్కడ చోటు నిలిపే చిన్న పరికరం (స్పేస్ మెయింటెయినర్) పెట్టాలి. పెట్టలేదు. దాన్ని శుభ్రంగా ఉంచాలి, కొన్ని నెలలకోసారి సరిచూడాలి. వదులైతే దాని కింద పాచి పేరుకుని, అసలే ఎనామిల్ బలహీనంగా ఉన్న పన్నునే తినేస్తుంది. పళ్లు కాస్త వంకరగా రావడం ఒకవైపు, ఆ శాశ్వత పన్నే పోవడం ఒకవైపు. నేను మొదటిదాన్ని ఎంచుకున్నాను. ఇక్కడ నాతో విభేదించే దంతవైద్యులు ఉంటారు, వాళ్ల వాదనలోనూ బలముంది.

పై దవడ పళ్ల గుంటలకు 38 శాతం సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ పూశాను. ఇందులో దాదాపు 44,800 పీపీఎం (పది లక్షల భాగాల్లో ఇన్ని భాగాలు) ఫ్లోరైడ్ ఉంటుంది. డ్రిల్లింగ్ లేదు, సూది లేదు. పన్ను ఆరబెట్టి చిన్న బ్రష్‌తో ఒక్క నిమిషం అద్దాలి. సిల్వర్ బ్యాక్టీరియాను చంపుతుంది, ఫ్లోరైడ్ మెత్తబడిన చోటును గట్టిపరుస్తుంది. దీనికున్న ఒకే ఒక్క పెద్ద ఇబ్బంది, పిప్పి ఉన్న చోటు శాశ్వతంగా నల్లబడుతుంది. ముందే ఫొటో చూపించి అడగాలి, పూశాక చెబితే నమ్మకం పోతుంది. "నల్లగా అయితే అయింది, పిల్ల నిద్రపోతే చాలు" అన్నారు అమ్మమ్మ.

శాశ్వత దవడ పన్నుకు చేతి పనిముట్లతోనే మెత్తటి పిప్పిని గీకి, గ్లాస్ అయనోమర్ సిమెంట్‌ను వేలితో అదిమి నింపాను. మిగతా గాళ్లు కూడా దాంతోనే మూశాను. ఏఆర్‌టీ అనే ఈ పద్ధతి 1980ల మధ్యలో టాంజానియాలో మొదలైంది, కరెంటు, డెంటల్ కుర్చీ లేని చోట్ల కోసం. ఈ సిమెంట్, సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్, ఫ్లోరైడ్ టూత్‌పేస్ట్ మూడింటినీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. ఆరోగ్య కేంద్రాల్లో వీటిని అడిగేవాళ్లు ఆ జాబితాను చూపించవచ్చు. నేను చూపిస్తాను.

తిండి గురించి మాట్లాడిన తీరు

ఆకలితో ఉన్న ఇంటికి వెళ్లి "తీపి మానేయండి" అని చెప్పి రావడం నాకు నచ్చదు. ఆ బిస్కెట్ స్థానంలో పెట్టడానికి ఇంకొకటి లేనప్పుడు అది సలహా కాదు, నింద. అందుకని మానేయమనలేదు, వేళ మార్చమన్నాం. రోజంతా కొంచెం కొంచెంగా తినే తీపిని భోజనం చివర ఒక్కసారే ఇవ్వమన్నాం. అంతే తీపి తిన్నా పళ్ల మీద యాసిడ్ దాడి అన్నిసార్లు జరగదు. మధ్యలో దాహానికి మంచినీళ్లు.

పానీయాల విషయంలో మాత్రం గట్టిగా చెప్పాం. ఈ వయసు ఆడపిల్లకు రోజుకు సుమారు 1,500 కిలోకేలరీలు కావాలి. కలిపిన చక్కెర మొత్తం శక్తిలో 10 శాతం మించకూడదని, 5 శాతం లోపు ఉంటే ఇంకా మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. పదిశాతం అంటే పాపకు దాదాపు 37 గ్రాములు. 330 మి.లీ. తీపి సోడా ఒక్క డబ్బాలోనే సుమారు 35 గ్రాములు ఉంటుంది. కడుపు నిండినట్టు చేసి భోజనం చెడగొట్టేది కూడా అదే.

పళ్లు తీశాక రెండు వారాలు మెత్తగా ఉడికించినవి, పప్పుధాన్యాలు, గుడ్డు పెట్టమన్నాం. పరిమాణం కాదు, శక్తి పెరగాలి కాబట్టి ప్రతి భోజనంలో కొంచెం నూనె కలపమన్నాం. బడిలో టీచరు ఒక చిన్న పని చేశారు. ఈ పాపను ముందు వరసలో కూర్చోబెట్టి, చివరిదాకా తినేందుకు టైం ఇచ్చారు. నా దృష్టిలో మొత్తం ప్రణాళికలో అన్నిటికన్నా ఖర్చులేనిది, అన్నిటికన్నా పనిచేసింది అదే కావచ్చు.

పోషణ కోసం ఇచ్చే తీపి సిరప్‌లు, తీపి పేస్టుల గురించి తల్లులు తరచూ అడుగుతారు. పళ్ల కోసం వాటిని ఆపకూడదు. భోజనంతో పాటు ఇచ్చి తర్వాత నీళ్లు తాగించండి. పడుకునే ముందు మాత్రం వద్దు, నిద్రలో లాలాజలం దాదాపు ఊరదు.

బడిలో బ్రష్

ఒక్క పాపకు బ్రష్ ఇచ్చి పంపితే లాభం లేదని ముందే తెలుసు. తరగతి మొత్తానికి రోజూ భోజనం తర్వాత పళ్లు తోమించడం మొదలుపెట్టాం. స్కాట్లండ్‌లో చైల్డ్‌స్మైల్ కార్యక్రమం నర్సరీల్లో ఇలాగే చేస్తోంది. ఫిలిప్పీన్స్‌లో మొదలైన ఫిట్ ఫర్ స్కూల్ కార్యక్రమంలో సబ్బుతో చేతులు కడగడం, ఫ్లోరైడ్ పేస్ట్‌తో పళ్లు తోముకోవడం, ఏడాదికి రెండుసార్లు నులిపురుగుల మందు, ఈ మూడూ కలిపి టీచర్ల చేతే నడుస్తాయి. తర్వాత అది కంబోడియా, లావోస్, ఇండోనేషియాలకూ వెళ్లింది. డాక్టర్లు అక్కర్లేని పని డాక్టర్ల కోసం ఆగకపోవడం వీటిలో నాకు బాగా నచ్చిన విషయం.

బడిలో కుళాయి ఎప్పుడూ పనిచేయదని టీచర్లు సందేహించారు. తోమడానికి నీళ్లు అక్కర్లేదు. 1,000 నుంచి 1,500 పీపీఎం ఫ్లోరైడ్ ఉన్న పేస్ట్ బఠాణీ గింజంత చాలు. తోమాక నురగ ఉమ్మేయాలి, నీళ్లతో పుక్కిలించకూడదు, పుక్కిలిస్తే ఫ్లోరైడ్ కొట్టుకుపోతుంది. ట్యూబ్ మూతిని ఒక్కొక్క బ్రష్‌కు తాకించకుండా పళ్లెం అంచున పేస్ట్ చుక్కలు పెట్టి పిల్లలనే తీసుకోమనాలి. బ్రష్‌లు ఒకదానికొకటి తగలకుండా, గాలి ఆడేలా నిలబెట్టాలి. తడి బ్రష్‌కు మూత పెట్టి దాచడం మంచిది కాదు.

కొన్ని వారాలకే బ్రష్‌లు మాయమవడం మొదలైంది. పిల్లలు పోగొడుతున్నారని బడిలో విసుక్కున్నారు. అడిగితే తెలిసింది, ఇంట్లో తమ్ముడికి, చెల్లికి తీసుకెళ్తున్నారు. అది దొంగతనం కాదు, ఇంటికి బ్రష్ అవసరమన్న సమాచారం. అప్పటినుంచి బడికొకటి, ఇంటికి ఎంతమంది పిల్లలుంటే అన్ని ఇస్తున్నాం. మాయమవడం దాదాపు ఆగిపోయింది.

ఆరు నెలల్లో

రెండు వారాలకు చీము దారి మూసుకుపోయింది, బుగ్గలో పుండు మానింది. రాత్రి లేవడం లేదని అమ్మమ్మ చెప్పారు. మూడు నెలలకు బరువు 16.3 కిలోలు, హిమోగ్లోబిన్ 10.8. ఆరు నెలలకు ఎత్తు 114 సెంటీమీటర్లు, బరువు 17.4 కిలోలు, బిఎంఐ 13.4. సన్నదనం హద్దు దాటి బయటికి వచ్చింది. హిమోగ్లోబిన్ 11.6. పెదవి మూలల పగుళ్లు లేవు. చిగుళ్లలో రక్తం తగ్గింది, పూర్తిగా పోలేదు.

అన్నీ అనుకున్నట్టు జరగలేదు. పై దవడ గుంటల్లో ఒకటి గట్టిపడి నల్లగా మెరుస్తోంది, రెండోది ఇంకా మెత్తగానే ఉంది. సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ ఒకసారి పూస్తే ప్రతి గుంటా ఆగదు, అందుకే ఆరు నెలలకోసారి మళ్లీ పూయాలి. శాశ్వత పన్ను మీది సిమెంట్ అంచు కొంచెం విరిగింది, మళ్లీ నింపాను. తీసిన పన్ను చోట ఖాళీ కొద్దిగా తగ్గుతోంది, అంటే వెనక పన్ను ముందుకు జరగడం మొదలైంది.

ఈ కేసుతో ఏం చెప్పొచ్చు

పళ్లు తీయడం వల్లే బరువు పెరిగిందని ఒక్క పాపను చూసి చెప్పలేం. తిండి మారింది, వేళలు మారాయి, టీచరు టైం ఇచ్చారు, ఐరన్ కొనసాగింది. వీటిని విడదీసే వీల్లేదు. విడదీసి చూడటం కోసం పాపకు దేన్నీ ఆలస్యం చేయడం కూడా సరికాదు.

బయటి ఆధారాలు కూడా రెండు రకాలుగా ఉన్నాయి. ఫిలిప్పీన్స్‌లో 2006 జాతీయ సర్వేలో ఆరేళ్ల పిల్లల్లో 97 శాతం మందికి పిప్పిపళ్లున్నాయి. అక్కడే 12 ఏళ్ల పిల్లల్లో పళ్ల నుంచి చీము ఇన్ఫెక్షన్ ఉన్నవాళ్ల బిఎంఐ మిగతావాళ్లకంటే తక్కువగా కనిపించింది. బాగా పాడైన పళ్లు తీశాక సన్నని పిల్లలు బరువు పెరిగారని చెప్పిన అధ్యయనాలున్నాయి. సౌదీ అరేబియాలో బడిపిల్లలను రెండు గుంపులుగా చేసి చూసిన పరిశోధనలో మాత్రం చికిత్స తర్వాత నొప్పి తగ్గింది, ఆకలి పెరిగింది, కానీ బరువులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నాకు అర్థమైనంతవరకు పన్ను తీస్తే తినగలిగే స్థితి వస్తుంది. కంచంలో తిండి ఉంటేనే అది బరువవుతుంది. బడి భోజనం లేని చోట ఈ చికిత్స సగమే.

ప్రపంచవ్యాప్తంగా 51.4 కోట్ల మంది పిల్లలకు పాలపళ్ల పిప్పి ఉందని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నివేదిక చెప్పింది. అందరినీ దంతవైద్యులు చూడలేరు. బరువు తూచే ఆరోగ్య కార్యకర్త, తూచిన వెంటనే టార్చితో నోట్లోకి ఒక్క చూపు చూడటం మాత్రం ఎక్కడైనా సాధ్యమే. చీము పొక్కు, వేర్లు, చిగురు దాకా అరిగిన పళ్లు గుర్తుపట్టడం ఒక్క పూటలో నేర్పించవచ్చు.

ఒక్కటి మాత్రం వారం ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి పంపాలి. సన్నగా ఉన్న పిల్లకు, ముఖ్యంగా ఈమధ్యే తట్టు లాంటి జబ్బు చేసిన పిల్లకు, చిగురు మీద బూడిదరంగు పుండు, భరించలేని దుర్వాసన, నోటి నుంచి రక్తం, చెంప వాపు కనిపిస్తే అది నోమాకు మొదలు కావచ్చు. రెండు నుంచి ఆరేళ్ల పిల్లల్లో ఎక్కువగా వచ్చే ఈ జబ్బు రోజుల్లోనే చెంపను, దవడను తినేస్తుంది. చికిత్స లేకపోతే పదిమందిలో తొమ్మిదిమంది దాకా చనిపోతారు. మొదట్లోనే పట్టుకుంటే యాంటీబయాటిక్‌లు, నోటి శుభ్రత, పోషకాహారంతో ఆగిపోతుంది. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది. ముఖం వాపుతో పాటు జ్వరం వచ్చినా, నోరు తెరవలేకపోయినా, మింగలేకపోయినా అంతే, అదే రోజు పంపాలి.

పాప విషయానికొస్తే, కుడి కింది శాశ్వత దవడ పన్ను పూర్తిగా బయటికి రాగానే దాని గాళ్లు కూడా మూయాలి. దాని మీదా అవే తెల్లమచ్చలు కనిపిస్తున్నాయి. మెత్తగా ఉన్న గుంటకు మళ్లీ పూత వేశాను, ఆరు నెలలకు మరోసారి చూస్తాను. బరువు నెలనెలా బడిలోనే తూస్తారు. వరుసగా రెండు నెలలు పెరగకపోతే కబురు చేయమని టీచరుకు చెప్పాను. పాప తమ్ముడికి నాలుగేళ్లు. వాడి పై ముందు పళ్ల మీద కూడా తెల్లటి గీతలున్నాయి, ఇంకా గుంటలు పడలేదు. వచ్చేసారి అమ్మమ్మ వాడిని కూడా తీసుకొస్తున్నారు.